వదిన వద్దన్న గళ్ళు

మా అమ్మ నన్ను బడికి పంపలేదు. ఉక్కునగరం క్వార్టర్లో కూరలు తరుగుతూనే అక్షరాలూ, అమ్మవారి శ్లోకాలూ, వాటి అర్థాలూ నేర్పింది. ఆవిడ పోయాక ఆ అర్థాలన్నీ కంప్యూటర్లో ఎక్కించుకున్నాను. అవి నాకు ఆవిడ గొంతు.

సీతమ్మధారలో మా ఆడపడుచు, అదే మా వదిన, నడిపే సత్సంగానికి పుస్తకం వేద్దామంటే ఎంత సంతోషించానో! కంప్యూటర్లో టేబుల్ గీశాను. ఒక్కో శ్లోకానికి ఒక్కో వరుస; ఎడమ గడిలో శ్లోకం, కుడి గడిలో అమ్మ చెప్పిన అర్థం. ఏది పొడుగైనా వరుసే సాగుతుంది, జంట విడిపోదు.

వదిన వచ్చి చూసి మొహం చిట్లించింది. "ఏటే ఈ గళ్ళు? అమ్మవారిని జైల్లో ఎట్టినావేటి? తీసీ."

గీతలు కనపడకుండా చెయ్యచ్చు, టేబుల్ అలాగే ఉంటుంది అని చెప్పబోయాను. ఈలోగా ఆవిడే అంది: "అట్ట మీద 'అర్థాలు' అని ఏసి కింద నా పేరెట్టు. మీ అమ్మ ఎవరికి తెలుసు గానీ!"

"అలాగే వదినా," అని ఫైలుకి కాపీ తీసి, అందులో టేబుల్ మొత్తం తీసేశాను. మధ్యలో స్పేస్ బార్ కొట్టుకుంటూ రెండు వైపులా సర్దాను. ఆవిడ కళ్ళకి చక్కగానే ఉంది. వేరే కంప్యూటర్లో అక్షరం కాస్త మారినా మొత్తం జారి, ఒక శ్లోకం పక్కకి ఇంకో దాని అర్థం చేరుతుందని నాకు తెలుసు. అట్ట మీద ఆవిడ పేరే వేసి, ద్వారకా నగర్ ప్రింటింగ్ షాపుకి ఫైలు పంపి, దీపం పెట్టుకుని కూర్చున్నాను.

పారాయణ రోజు ముందు వరసలో ఒకావిడ కిసుక్కుమంది. "ఇదేటమ్మా, తల్లి మల్లెపూలు ఎట్టుకుందంటే పక్కన తల తెగి పడ్డాదని రాసినారు?"

"రాక్షసుడికేమో పసుపు రాసినారు!" ఇంకొకావిడ.

నవ్వుల మధ్య వదిన ఎర్రబడిపోయింది. "నా మీద పడతారేటి! ఈ అర్థాలు నావి కావు. మా తమ్ముడి పెళ్ళాం వాళ్ళమ్మ సెప్పినవి."

నవ్వుతున్నది అమ్మ మాటలని చూసే. అయినా లేచాను.

"వెనక వాళ్ళకి వినపడలేదు వదినా. మళ్ళీ చెప్పండి."

"ఆళ్ళకేటి సెవుడా? వాళ్ళమ్మవే! అన్నీ వాళ్ళమ్మవే!"

"అయితే తప్పులు దిద్ది, మా అమ్మ పేరుతోనే మళ్ళీ వేయిస్తాను," అన్నాను. అంతమంది ముందు అన్న మాట, ఆవిడ ఎలా మింగుతుంది?

టేబుల్ ఉన్న పాత ఫైలు తెరిచి, గీతలు దాచి, అట్ట మీద అమ్మ పేరు పెట్టి వేయించాను. మొదటి పుస్తకం బొట్టు పెట్టి వదినకే ఇచ్చి, కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఉత్తుత్తి దణ్ణం కాదు. అమ్మ ఎవరో ఊరికి చెప్పింది ఆ నోరే. ఆవిడ పుస్తకం తిరగేసింది, తన పేరు కోసం. నేను లేవకుండా, ఆవిడ చివరి పేజీ దాకా వెతికే వరకూ అలాగే వంగి ఉన్నాను.