ఇష్టపడి ఇచ్చే లీవ్

ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్ ఉన్ని మిల్లులో విన్నీ సట్‌క్లిఫ్, నేను పద్నాలుగేళ్ళు పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్నాం. మగ్గం దిగిన గుడ్డలో తెగిన పోగులు వెతికి, కనపడకుండా సూదితో కలపడం మా పని. అన్నేళ్ళలో విన్నీ ఒక్క పూటైనా మానలేదు.

1961 మేలో స్కార్‌బరోలో ఆమె చెల్లెలి పెళ్ళి వచ్చింది. కాగితం మీద ‘గురువారం నుంచి లీవ్’ అని గీకి, కొత్త మేనేజరు హోయల్ బల్ల మీద పెట్టి రైలెక్కింది.

సోమవారం వచ్చేసరికి ఆమె చోట డోరీన్ అనే కొత్తమ్మాయి కూర్చుని ఉంది. లీవ్ అంటే సెలవూ అవుతుంది, విడిచిపోవడమూ అవుతుంది. హోయల్ రెండో అర్థం తీసుకుని, ఈవిడ పని మానేసిందనుకున్నాడు. నీ రాతే కదా అని మొండికేశాడు.

విన్నీ గొడవపడలేదు. తిన్నగా లైబ్రరీకి పోయి, పెద్ద నిఘంటువు ముందేసుకుని సాయంత్రం దాకా కూర్చుంది. మర్నాడు హోయల్ గదికి వెళ్తూ, తోడుగా నన్నూ లాక్కెళ్ళింది.

“ఇవి రెండు వేరే మాటలండీ హోయల్ గారూ, చూడ్డానికి ఒకేలా ఉంటాయంతే. నేను రాసింది అనుమతి. సెలవన్న అర్థం దాన్నుంచే పుట్టింది. మనవైపు ఊరందర్నీ ఆప్యాయంగా ‘లవ్’ అని పిలుస్తామే, ఆ మాటకీ దీనికీ చుట్టరికం. ఇష్టపడి ఇచ్చేదే లీవ్.”

హోయల్ కాగితం అటూ ఇటూ తిప్పాడు. “బానే ఉందమ్మా. అనుమతే అయితే, నేనెప్పుడిచ్చాను? అడిగి, జవాబు వినకుండానే పోయావుగా.”

విన్నీ చెవులదాకా ఎర్రబడింది. నాకు నవ్వాగక కిటికీ వైపు తిరిగాను.

విన్నీ అంది, “అది నిజమేనండి. అయితే ఇప్పుడడుగుతున్నాను. ఇష్టంగానే ఇవ్వండి.”

ఆయనకూ నవ్వొచ్చింది. పోయిన గురువారం తేదీ వేసి సంతకం పెట్టాడు. డోరీన్‌ను తీసెయ్యొద్దని విన్నీయే అడిగింది. ఆ పిల్లకు మా వెనక బల్ల దొరికింది.

ఆపైన మా గదిలో ఎవరికి సెలవు కావాలన్నా అర్జీ విన్నీయే రాసేది. మొగుడి పావురాల పందెం చూడాలని ఒకావిడ అడిగితే, దానికీ రాసిపెట్టింది. హోయల్ ఆ అర్జీ రెండుసార్లు చదివి, ఏ పావురం మీద పందెం కాయమంటావని అడిగాడట.