మా పాప పళ్ళ డబ్బా

ఆయుధపూజకు ముందురోజు మగ్గాల షెడ్డు శుభ్రం చేయడం మా ఇంట్లో పెళ్ళి పనంత పని. ఏడాది పొడుగునా పేరుకున్న దూది దుమ్ము దులపాలి, మరమగ్గాలు తుడిచి నూనె పెట్టాలి, నూలు కండెల బుట్టలన్నీ ఎండలోకి మోయాలి. ఈసారి అటక మూల దులుపుతుంటే ఒక బిస్కెట్ డబ్బా నా నెత్తిన పడింది. మూత ఊడి, లోపల ఉన్నవి నేల మీద చెల్లాచెదురయ్యాయి. కొత్తగా పనిలో చేరిన ఆవిడ వాటిని చూసి "అమ్మో, పండ్లు!" అంటూ వెనక్కి దూకింది. ఆమె తప్పేం లేదు. గులాబీ రంగు చిగుళ్ళతో సహా అన్ని జతల కట్టుడు పళ్ళు నేల మీద పడి నవ్వుతుంటే ఎవరైనా దూకుతారు. నేను వాటిని ఏరి, తుడిచి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా అరుగు మీద వరసగా పేర్చాను. అన్నిటికంటే చిన్న జతలో ఒక్కో పన్ను బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది, అంతే. కొందరిళ్ళలో పిల్లలు ఎంత పెరిగారో గోడ మీద గీతలు గీసి చూసుకుంటారు. మా పాప పెరగడమంతా ఈ డబ్బాలో ఉంది.

రెండేళ్ళు దాటినా పాపకు పళ్ళు రాలేదు. పైన రెండు మాత్రం సూదిమొనల్లా వచ్చి ఆగిపోయాయి. జుట్టు మొక్కజొన్న పీచులా పలచగా ఉండేది. ఎండాకాలం వస్తే ఒళ్ళు పెనంలా కాలేది గానీ ఒక్క చుక్క చెమట పట్టేది కాదు. "నిదానంగా వచ్చే పండ్లు గట్టిగా ఉంటాయిలేరా" అని మా మేనత్త ధైర్యం చెప్పేది. ఆ గట్టి పళ్ళ కోసం ఇంకో ఏడాది ఎదురుచూసి, చివరికి తిరుపతిలో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె పాప నోటితో పాటు గోళ్ళు, కనుబొమలు, అరచేతులు కూడా చూసింది. జుట్టు, చెమట, పళ్ళు తల్లి కడుపులో ఒకే పొరలోంచి తయారవుతాయట, ఆ పొర దగ్గరే తేడా వచ్చిందట, చాలా అరుదట. జబ్బు పేరు కూడా చెప్పింది. అది పలకడానికి నాకున్న పళ్ళన్నీ కూడా చాలలేదు. తెలివికి ఏ లోటూ లేదు, పళ్ళు మాత్రం మనమే పెట్టాలి, దవడ పెరిగే కొద్దీ మారుస్తూ పోవాలి, పెరగడం ఆగాక ఎముకలో మరలు బిగించి శాశ్వతంగా కట్టాలి అంది. మా ఆవిడ ఏడవలేదు. "ఎప్పుడు మొదలుపెడదాం?" అని అడిగింది. నేను మాత్రం బస్టాండు దాకా ఏడుస్తూనే నడిచాను.

అట్లా మొదలయ్యాయి నగరి నుంచి తిరుపతికి మా బస్సు ప్రయాణాలు. పాపకు కిటికీ పక్క సీటు, నెత్తిన తడిగుడ్డ, ఒళ్ళో నీళ్ళ సీసా. పుత్తూరు వచ్చేసరికి గుడ్డ ఆరిపోయేది, మళ్ళీ తడిపేవాళ్ళం. మా వీధిలో పాప తలను చూసి జాలిపడని మనిషి లేడు గానీ, తిరుపతిలో దిగితే ఆ బాధే లేదు. గుండును వింతగా చూసే అలవాటు ఆ ఊరికి లేదు. "మొక్కు తీరిందామ్మా? దర్శనం బాగా అయిందా?" అని బస్టాండులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు పలకరించేవాళ్ళు. మా ఆవిడ కూడా "బాగా అయింది, స్వామి దయ" అని హుందాగా చెప్పేసేది. నోట్లో ముద్దలాంటి మందు పెట్టి దవడ అచ్చు తీసేటప్పుడు పెద్దవాళ్ళే వాంతి చేసుకుంటారు. పాప మాత్రం నా చొక్కా గుండీ పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, కదలకుండా కూర్చునేది. ఆ రోజుల్లో నా చొక్కాలన్నిటికీ రెండో గుండీ ఉండేది కాదు.

ఇక్కడ మా నాయన సంగతి చెప్పాలి. మరమగ్గాల షెడ్డులో అరిచినా పక్కమనిషికి వినపడదు. అందుకని మగ్గం దగ్గర పెరిగినవాళ్ళం గొంతు వాడం, పెదవులతో మాట్లాడతాం. ఈ మూల నుంచి "టీ వచ్చింది" అని పెదవులు కదిపితే ఆ మూలన మగ్గం ఆగుతుంది. నాయనకు ఆ చప్పుడులోనే చెవులు పూర్తిగా పోయాయి, ఇక ఎదుటివాళ్ళ పెదవులే ఆయనకు దిక్కు. మా పాపకు పళ్ళు లేక మాట ముద్దముద్దగా వచ్చేది. ఇంటికొచ్చిన చుట్టాలకు ఒక్క ముక్క తెలిసేది కాదు. షెడ్డులో మాత్రం అందరికీ అంతా తెలిసేది. ముఖ్యంగా వాళ్ళ తాతకు. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళు. ఆయనకు చెవులు లేవు, ఆమెకు పళ్ళు లేవు, కబుర్లకు మాత్రం కరువు లేదు.

చిక్కు అక్కడే వచ్చింది. మొదటి జత పళ్ళు పెట్టించాక పాప వాటిని నోట్లో ఉంచుకోదే! గుచ్చుకుంటున్నాయని తీసి కండెల బుట్టలో దాచేది. ఎవరేం చెప్పినా "తాతకు తెలుస్తుంది గదా" అనేది. బడిలో వేశాక అసలు బాధ మొదలైంది. మొదటి రోజు ఏదో చెప్పబోతే పిల్లలు నవ్వారట. ఆ రోజు నుంచి మా పాప బడిలో నోరు విప్పలేదు. "ఇంట్లోనూ మాట్లాడదా?" అని టీచరమ్మ అడిగింది. షెడ్డులో వాగుతూనే ఉంటుందని చెబితే నమ్మలేదు. ఇప్పుడు పళ్ళు పెట్టుకుని పలకడం అలవాటు కాకపోతే ముందుముందు మాట సాఫు కావడం కష్టమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంత చేసీ, పిల్ల జీవితాంతం మా షెడ్డులోవాళ్ళతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడలేకపోతుందేమోనన్న భయం నన్ను నిద్రపోనివ్వలేదు.

ఒకరోజు పాప బడి నుంచి వచ్చి, ఎప్పటిలాగే తాత ముందు నిలబడి కబుర్లు మొదలుపెట్టింది. నాయన తల అడ్డంగా ఊపాడు. "కండ్లు మసకబారినాయి పాపా. నీ పెదిమలు అగుపడలా. ఆ పండ్లు పెట్టుకుని సెప్పు, అప్పుడన్నా తెలుస్తాదేమో సూస్తాను" అన్నాడు. పాప పోయి బుట్టలోంచి పళ్ళు వెతికి తెచ్చుకుంది. పెట్టుకుని చెప్పింది. "అర్థం కాలా. ఇంకొకతూరి సెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పింది. ఇక ఆనాటి నుంచి సాయంత్రమైతే ఇదే తంతు. స, త, ద అనే అక్షరాలున్న మాటలను పాప ఒక్కోటి నాలుగైదుసార్లు ఒత్తి ఒత్తి పలికేది. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఏదో వినపడేవాడిలాగా, "ఇంకొకతూరి" అనేవాడు. నేను నిజంగానే హడలిపోయి కంటి డాక్టరు దగ్గరికి పోదాం రమ్మన్నాను. "నీ పని నువ్వు సూసుకో" అని కసిరాడు. ఏడాది తిరిగేసరికి పాప బడిలో చెయ్యెత్తి జవాబు చెప్పింది. ఆ సంగతి చెప్పడానికి టీచరమ్మ మా షెడ్డుకు వచ్చింది. ఆ చప్పుడులో ఆమె చెప్పింది నాకు ఒక్క ముక్క వినపడలేదు. పెదవులు చూసే తెలుసుకున్నాను.

నాయన నాటకం నాకు ఆ తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం మగ్గాలన్నీ ఆడుతున్నాయి. పాప పళ్ళు తీసి చేత్తో పట్టుకుని, ఆ చివర వాళ్ళమ్మతో "తాత చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు" అంది. ఈ చివరనున్న నాయన చటుక్కున తన చొక్కా చూసుకున్నాడు. మెల్లగా మగ్గం చాటుకు పోయి సరిగ్గా తొడుక్కుని వచ్చాడు. నేను చూశానని గమనించి, పెదవులతోనే "నోరు మూసుకో" అన్నాడు. ఆయన కళ్ళకేం కాలేదు. లోకంలో తనతో అన్ని కబుర్లు చెప్పే ఒకే ఒక్క పిల్లను చూసి, తెలిసినవన్నీ తెలియనట్టు నటిస్తూ ఏడాది గడిపాడు. నేనైతే రెండు రోజులు కూడా ఆగలేకపోయేవాణ్ణి.

పళ్ళ జతలు మారుతూ వచ్చాయి. పాతవి పారేయొద్దు, కొత్తవి చేసేటప్పుడు కొలతకు కావాలని డాక్టరమ్మ చెప్పడంతో అవన్నీ డబ్బాలో చేరాయి. దీని మీద మా ఇంట్లో ఒక పెద్ద గొడవే జరిగింది. రెండో తరగతిలో పాప స్నేహితురాలికి పాలపన్ను ఊడితే, పేడముద్దలో పెట్టి ఇంటి పైకి విసిరారట. తనూ విసరాలని పాప పట్టుబట్టింది. మొదటి జత బిగువై పక్కన పడేసి ఉంది గదా, అది విసురుతానంది. "అన్నీ అయిపోయినాక విసురుదువులే" అని అప్పటికి తప్పించుకున్నాను. దవడ పెరగడం ఆగాక, పోయిన ఏడాది పాప తుంటి ఎముక కొంచెం తీసి దవడలో పెట్టారు, కుదురుకున్నాక మరలు బిగించారు. నెలల తరబడి గంజి, సంగటి, మజ్జిగ. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. చివర్లో పళ్ళ రంగు ఎంచుకోమంటే మా మేనత్త ముత్యాల తెలుపు చూపించింది. "మనింట్లో ఎవురికుండాయి అవ్వా అంత తెల్లటి పండ్లు?" అని పాప కాస్త పసుపు కలిసిన రంగు ఎంచుకుంది. ఇప్పుడు డిగ్రీ చదువుతూ, నూలు వ్యాపారితో ఫోనులో పోట్లాడే పని కూడా తనే చూస్తోంది. ఆమె మాట అర్థం కాలేదని ఆయన ఇంతవరకూ అనలేదు. మా పాపను గురించి చెప్పేటప్పుడు నాకు ఛాతీ ఉబ్బుతుందని మా ఆవిడ వెక్కిరిస్తుంది. ఉబ్బనీ, నాకేం నష్టం.

అరుగు మీది వరసను చూసి పాప నవ్వింది. నాయన నాటకం ఇన్నేళ్ళకు ఆమెకు చెప్పేశాను. "నాకు తెలుసు నాయనా. సొక్కా సంగతి ఊరికే సెప్పినాననుకున్నావా? తాతకు పరీక్ష పెట్టినాను" అంది. మరి తెలిశాక కూడా ఎందుకు పళ్ళు పెట్టుకున్నావంటే, "తాత అంత కష్టపడి అబద్ధమాడతా ఉంటే, నేను తీసేస్తే బాగుంటాదా?" అంది.

పూజ రోజు పొద్దున మగ్గాలన్నీ ఆగి, పసుపు కుంకుమలతో నిశ్శబ్దంగా ఉన్నాయి. పాప పాలవాళ్ళింటి నుంచి పేడ తెచ్చి, చిన్న జతను ముద్దలో పెట్టి, షెడ్డు రేకుల మీదికి విసిరింది. అది జారి నాయన కాళ్ళ దగ్గరే పడింది. రెండోసారి టక్కుమని తగిలి నిలిచింది. చప్పుడు వినపడని నాయన పైకి చూసి, పాప వైపు తిరిగి, "నిలిసిందా?" అన్నాడు. పాప గొంతు ఎత్తకుండా, కొత్త పళ్ళతో, పెదవులు మాత్రం కదిపి "నిలిచింది తాతా" అంది. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అర్థం కాలా. ఇంకొకతూరి సెప్పు."

పాప ఇంకోసారి చెప్పింది. ఆరేడేళ్ళప్పుడు జరగాల్సిన వేడుక మా ఇంట్లో పంతొమ్మిదో ఏట జరిగింది. మధ్యలో పోయిన ఆ కాలాన్ని ఎవరైనా తిరిగి ఇస్తామన్నా నేను వద్దంటాను, అదంతా మా పాప మాట నేర్చుకున్న కాలం.