కన్ను తెరవకుండా వచ్చిన డ్రైవర్

2011. జనగామలో ఒక చిన్న ప్రైవేటు కంటి దవాఖానలో నేను ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. చూపు పరీక్షించి అద్దాల నంబరు రాయడం, రోగి డాక్టరు గారి దగ్గరికి వెళ్లేలోపు కంటి కథంతా రాబట్టడం నా పని. జనం నన్ను కూడా డాక్టరమ్మ అనే పిలిచేవాళ్లు. మొదట్లో కాదని చెప్పేదాన్ని, తర్వాత చెప్పడం మానేశాను. ఆ ఏడు తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులన్నీ డిపోలో ఆగిపోయాయి. చౌరస్తాలో టెంటు వేశారు. రోజుకో కొత్త రకం నిరసన. ఒకరోజు రోడ్డు మీద వంటలు, ఇంకోరోజు బతుకమ్మలు. ఊరంతా సందడిగా ఉంటే మా దవాఖాన బెంచీలు మాత్రం ఖాళీగా ఉండేవి.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం తల్లిని వెంటబెట్టుకుని లచ్చీరాం వచ్చాడు. బస్సు డ్రైవరు, నలభై దాటి ఉంటాయి. వాళ్లది మానుకోట వైపు గూడూరు దగ్గర తండా. ఉద్యోగం కోసం జనగామలో అద్దెకుంటున్నాడు. మా దగ్గరికి రావడం అది నాలుగోసారి. ముందు మూడుసార్లూ మధ్యాహ్నం డ్యూటీకి పోతూ వచ్చి, కుడి కంట్లో ఏదో గుచ్చుతోందని చెప్పాడు. మూడుసార్లూ స్లిట్ ల్యాంప్ కింద చూశాను. కంటిని పెద్దది చేసి చూపే యంత్రం అది. కొద్దిపాటి ఎరుపు తప్ప ఏమీ కనపడలేదు. మూడోసారి నా నోరు ఊరుకోలేదు. "సెలవు చీటీ కావాలంటే సీదా అడుగు అన్నా, కంటి మీద పెట్టుడెందుకు" అనేశాను. అతను చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

నిజం చెప్పాలంటే నాలుగోసారి అతన్ని చూడగానే నాకు విసుగే వచ్చింది. కార్డు తీస్తుండగా తట్టింది, సమ్మెలో ఉన్నవాడికి సెలవు చీటీ ఎందుకు? డ్యూటీయే లేదు కదా. ఈ మనిషికి నాతో అబద్ధమాడే అవసరమే లేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"అన్నా, ఎప్పుడు నొస్తది?"

"పొద్దుగాల మేడం. నిద్రలేసి కన్ను తెర్వంగనే. రెప్పతోని లోపల ఏందో చింపుకొస్తున్నట్టు ఉంటది. ఇగ నీళ్లే నీళ్లు. పగటీలికి తగ్గుతది. నిరుడు చేన్ల మక్క ఆకు కంటికి కోసుకున్నది, గప్పటి సంది గిట్లనే."

"మరి ఈ మాట ముందుగాల ఎందుకు చెప్పలేదు?"

"ఎప్పుడని మీరు అడగలె."

పగటికి తగ్గిపోయే జబ్బును నేను మూడుసార్లూ పగలే చూసి, ఏమీ లేదని రాశాను. ఇంత తెలివి నాది.

అతని భయం వేరే ఉంది. "సమ్మె ఒడిసినంక మాకు కంటి పరీక్ష ఉన్నది మేడం. కన్ను బాలేదని రాస్తే స్టీరింగు మీదికెళ్లి దింపుతరు. డిపోల బస్సులు కడుగుకుంట కూసోవాలె. మా తండాల బస్సు నడిపేటోన్ని నేనొక్కన్నే."

అతని తల్లి దేవ్లి అందుకుంది. "నలుసే బిడ్డా. నేను తీస్తనే ఉన్న. మల్ల మల్ల పడతాంది."

దేవ్లి వాళ్ల తండాలో నలుసులు తీయడానికి పేరున్న మనిషి. చేలో పనిచేసేవాళ్ల కంట్లో ఏది పడ్డా ఆమె దగ్గరికే వస్తారు. రెప్ప తిప్పి, నాలుక కొసతో కంటిని ఒక్క చుట్టు చుడితే నలుసు బయటికి వచ్చేస్తుంది. కొడుకు తండాకు వచ్చినప్పుడల్లా అదే వైద్యం చేస్తోంది. "ఏం వచ్చిందవ్వా?" అని అడిగాను. "పల్సగ, ఉల్లిపొర లెక్క నాలుకకు తగుల్తది" అంది గొప్పగా. నాకు అనుమానం వచ్చింది గానీ కళ్లారా చూడకుండా ఈసారి నోరు జారదలుచుకోలేదు.

"రేపు పొద్దున లేవంగనే కన్ను తెరవకుంట రా అన్నా. ఇక్కడికి వచ్చినంకనే తెరవాలె. నొప్పి రాని రోజైతే మళ్లా ఎల్లుండి."

మర్నాడు ఆరింటికల్లా అతను వచ్చిన తీరు ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాను. ఎక్కడ పొరపాటున తెరుస్తానో అని రెండు కళ్లకూ తువ్వాల బిగించి కట్టుకుని, కండక్టరు దోస్తు మోటారు సైకిలు వెనక కూర్చున్నాడు. చౌరస్తాలో టెంటు ముందు నుంచి వస్తుంటే, అక్కడ చాయ్ తాగుతున్నవాళ్లు ఇదేదో కొత్త నిరసన అనుకుని చప్పట్లు కొట్టి నినాదాలు అందుకున్నారట. పాపం లచ్చీరాం, ఏం చేయాలో తెలియక పిడికిలెత్తి తనూ నినాదమిచ్చాడు. మరుసటి రోజు పేపరు లోకల్ పేజీలో 'కళ్లకు గంతలతో డ్రైవర్ నిరసన' అని ఫోటో పడింది.

డాక్టరు గారు తువ్వాల విప్పించి కన్ను తెరవమన్నారు. లచ్చీరాం ఒక్కసారిగా అమ్మా అని మూలిగాడు. ఫ్లోరసీన్ అనే పసుపురంగు మందు చుక్క వేసి నీలం లైటు పెడితే, నల్లగుడ్డు మీద పెసరగింజంత మేర పచ్చగా వెలిగింది. దాని అంచున పొర లేచి వేలాడుతోంది.

దీన్ని రికరెంట్ ఎరోజన్ అంటారు. కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దం లాంటి భాగం. దాని పైపొర దెబ్బ తిన్న చోట మళ్లీ వస్తుంది గానీ గట్టిగా అతుక్కోదు. నిద్రలో కన్ను ఆరి రెప్ప దానికి అంటుకుంటుంది. తెరవగానే పొర చిరుగుతుంది. మధ్యాహ్నానికి పైపైన మానిపోతుంది.

వెనకే నడిచి వచ్చిన దేవ్లిని పిలిచి యంత్రంలోంచి చూడమన్నాను. చాలాసేపు చూసింది.

"గిది నలుసు కాదా బిడ్డా?"

"కాదవ్వా. కంటి పొర."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "అంటే నేను ఇన్ని రోజులు తీసింది నా కొడుకు కంటి తోలా?" కళ్లలో నీళ్లు తిరిగాయి. లచ్చీరాం నొప్పి కన్ను మూసుకునే తల్లి చెయ్యి పట్టుకుని, అమ్మను తండాలో పిలిచినట్టే "యాడీ, నీకేం తెలుసు" అన్నాడు. నేనూ ఆగలేకపోయాను. "నువ్వు ఎరకలేక చేసినవవ్వా. నేను చదువుకొని కూడా మూడుసార్లు ఏం లేదని పంపిన. నీ కంటే నాదే పెద్ద తప్పు" అన్నాను. ఆ మాట బయటికి అన్నాక నా మనసు తేలికపడింది.

డాక్టరు గారు రాత్రిపూట వేసే ఆయింట్‌మెంటు, కంటికి కట్టులా ఉండే బ్యాండేజ్ లెన్సు ఇచ్చారు. రెండు వారాల్లో మళ్లీ రెండుసార్లు చిరిగింది. ఇక పీటీకే అనే లేజరు చికిత్స చేయించాల్సిందే అన్నారు. ఊడొచ్చే పొరను తీసేసి, కింది భాగాన్ని లేజరుతో వెంట్రుక మందంలో ఎన్నో వంతు సాపు చేస్తారు. కొత్తగా వచ్చే పొర అప్పుడు పట్టుకుంటుంది. ఇది దేవ్లికి ఎలా చెప్పాలా అని తంటాలు పడుతుంటే ఆమే కొడుకుకు వివరించింది. "గోడకు పాత పూత పెళ్లలు పెళ్లలుగ లేస్తే ఏం చేస్తం? గీకి మల్ల పూస్తం. గంతే."

లేజరు హైదరాబాదులో. బస్సుల్లేవు, రైళ్లు ఏ రోజు ఆపుతారో తెలియదు. చివరికి కూరగాయల వ్యానులో వెళ్లాం. ఆ చికిత్స చూసి నేర్చుకుని రమ్మని డాక్టరు గారు నన్నూ పంపారు. వందలమందిని హైదరాబాదు చేర్చిన డ్రైవరు టమాటా పెట్టెల పక్కన ఇరుక్కుని, దారి పొడుగునా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. "గేరు మార్చు తమ్మీ, బండి గుంజుతలేదు" అని వ్యాను డ్రైవరును విసిగిస్తుంటే, "నువ్వు సమ్మెల ఉన్నవ్, మూస్కో" అని దేవ్లి కసురుకుంది.

లేజరు పని నిమిషంలో ముగిసింది. పైన మళ్లీ బ్యాండేజ్ లెన్సు పెట్టారు. తర్వాత రెండు రోజులు మంటతో విలవిల్లాడాడు. వారానికి లెన్సు తీశాం. ఆ మర్నాడు తెల్లారుతూనే నాకు ఫోను.

"మేడం, కన్ను తెరిసిన."

"అయితే?"

"ఏం కాలె."

వెనక నుంచి దేవ్లి గొంతు వినిపించింది. "నేను చెయ్యి సుత పెట్టలె బిడ్డా." ఆ పూట నేను చాయ్ చల్లారిపోయేదాకా వంటింట్లో నవ్వుతూ నిలబడిపోయాను.

రోజులు గడిచినా పొర లేవలేదు. సమ్మె ముగిసి బస్సులు రోడ్డెక్కాయి. కంటి పరీక్షలో లచ్చీరాం చివరి వరుసలోని చిన్న అక్షరాల దాకా చదివాడు. స్టీరింగు అతనిదే అయింది.

ఆ తర్వాత నేను కార్డు మీద 'ఏమైంది' కంటే ముందు 'ఎప్పుడు' అని రాయడం అలవాటు చేసుకున్నాను. రోగి అబద్ధమాడుతున్నాడని అనిపిస్తే, నేను అడగని ప్రశ్న ఏదో ఉందని అర్థం. ఈ పాఠం నాకే వచ్చిందని మురిసిపోతుండగా, ఒక ఉదయం మానుకోట బస్సు మా సందు మొదట్లో ఆగింది. స్టీరింగు ముందు లచ్చీరాం. దేవ్లి తండా ఆడమనిషి ఒకామెను చెయ్యి పట్టి దింపి లోపలికి తెచ్చింది. ఆమె ఎడమ కన్ను ఎర్రగా ఉంది.

"నేను తియ్యలె, నువ్వే సూడు" అంటూ ఆమెను నా ముందు కూర్చోబెట్టి, నేను పెన్ను తీసేలోపే అంది, "పొద్దుగాల కాదట, ఎండల నొస్తదట. రాసుకో డాక్టరమ్మా."