మూడుసార్లు కడిగిన చేతులు

నర్సింగ్ చదివే రోజుల్లో, సర్జికల్ వార్డులో ఒకసారి పుండుకు కట్టు విప్పుతూ రోగి ఎదుటే వాంతి చేసుకున్నాను. మా ట్యూటరమ్మ తిట్టలేదు. "ఇంకోసారి ఇలా అయితే మీ నాన్నగారిని పిలిపించి ఇంటికి పంపించేస్తాను" అంది, అంతే. మా నాన్న పోర్టులో కళాసీ. కూతురు నర్సవుతోందని గోపాలపట్నంలో మా చర్చి మొత్తానికీ చెప్పుకున్నాడు. ట్యూటరమ్మ గది బయట ఆయన చేతులు కట్టుకుని నిలబడటం నేను చూడలేను.

అలాంటి నాకు, ఎనభైల మొదట్లో ఒక మండు వేసవిలో, రైల్వే స్టేషన్ గోడ పక్కన బతికే ఇల్లులేని వాళ్లకు కట్లు కట్టే డ్యూటీ పడింది.

ముందు రెండు వారాలు క్లాసులో సాధన. మందుల సంచిని నేల మీద పెట్టకూడదు, న్యూస్‌పేపరు పరిచి దాని మీద పెట్టాలి. నీళ్లు మనం వెళ్లిన ఇంటివాళ్లనే అడగాలి. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాకే రోగిని ముట్టుకోవాలి. క్లాసు మూలనున్న కుళాయే మాకు 'ఆ ఇంటి నీళ్లు'. సాయంత్రాలు హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి, శ్రీకాకుళం వైపు రైతుల పిల్ల, పసుపూ కుంకుమా నూనెలో కలిపి కాలికి పూసుకుని నాకోసం రోగి అయ్యేది. నేను మొహం తిప్పుకుంటే పకపకా నవ్వేది.

"ఏటే, బొట్టెట్టుకునీ కుంకానికే ఇలగ బయపడతన్నావ్, అక్కడేటి సేత్తావే?"

నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. తిన్నది ఒంటబట్టేదీ కాదు.

నా వంతుకు వచ్చిన రోగి ఒక ముసలమ్మ. కాలికి మురికి గుడ్డ చుట్టుకుని గోనెపట్టా మీద కూర్చుని ఉంది. ట్యూటరమ్మ కాస్త దూరంలో ఇంకో అమ్మాయి దగ్గర నిలబడింది. పేపరు పరిచాను. సంచి పెట్టాను. "మామ్మా, కాసిన్ని నీళ్లిస్తారా?" అన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, వెనక నుంచి మూతపెట్టిన రేకు డబ్బా తీసి ఇచ్చింది.

చేతులు కడుక్కున్నాను. గుడ్డ మీద ఈగలు ముసురుతున్నాయి. మళ్లీ సబ్బు రాశాను. కడుగుతున్నంతసేపూ ఆ గుడ్డ విప్పక్కర్లేదు కదా అన్నదే నా ధైర్యం. మూడోసారి కడిగేసరికి డబ్బా అడుగు కనిపించింది.

"అయిపోనాయా అమ్మా?" అంది ముసలమ్మ, కోపం లేకుండానే. "తాగడానికి దాసుకున్నాను. కుళాయి మల్లీ సందేలకి గానీ రాదు."

సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. వాంతి సంగతే మర్చిపోయాను. గుడ్డ విప్పాను. పుండులో పురుగులున్నాయి. ఒక్కొక్కటే తీసి, లోషన్‌తో తుడిచి, కట్టు కట్టాను.

ట్యూటరమ్మ వచ్చి కట్టు చూసింది. నన్ను కాదు, ముసలమ్మనే అడిగింది. "మా పిల్ల ముందు చేతులు కడుక్కుందా?"

నా పని అయిపోయిందనుకున్నాను. ముసలమ్మ ఖాళీ డబ్బాకి మూత పెట్టి పక్కకి జరిపింది.

"కడుక్కుందమ్మా. సానా బాగా కడుక్కుంది. మూడుసార్లు."

ట్యూటరమ్మ సంతోషంగా నా డ్యూటీ పుస్తకంలో సంతకం పెట్టింది. నేను సందేళ దాకా నిండని ఆ డబ్బా వైపే చూస్తున్నాను. సంతకం కింద ఆవిడ టైము కూడా వేసింది. ఉదయం పదీ ముప్పావు.