కవరు విప్పని ముళ్లచాప

ఆ ముళ్లచాపను నేను మొదటిసారి మా బడి మైదానంలో చూశాను. పిల్లలకు పోలీసుల పని గురించి చెప్పే కార్యక్రమం ఒకటి పెట్టి, ఆకుపచ్చ కవరులోంచి దాన్ని బయటికి తీశారు. మడతలు విప్పితే రోడ్డుకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వచ్చేంత పొడుగు, నిండా సన్నటి బోలు సూదులు. పారిపోయే బండి దాని మీదుగా పోతే సూదులు టైర్లలో దిగి, గాలి మెల్లగా పోతుందట. బండి పల్టీ కొట్టదట, కొంత దూరం పోయి దానంతటదే ఆగుతుందట. "దీంతో ఎవరికీ దెబ్బ తగలదు. దొంగకు కూడా తగలదు," అన్నాడు మైకు పట్టుకున్న ఎస్సై. ఏదీ, ఒక బండి నడిపి చూపించండి సార్ అని పిల్లలు అడిగితే, సూదులు పాడైపోతాయని నవ్వి, చాపను మళ్లీ మడతపెట్టించాడు. పిల్లలతోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

నేను జనగామ వైపు ఒక పల్లెటూళ్లో టీచర్ని. మా పుట్టిల్లు అక్కడికి దగ్గరే, మహబూబాబాద్ పోయే దారి పక్కన. తమ్ముడు అక్కడే వ్యవసాయం చేసుకుంటూ, ట్రాక్టర్ కిరాయికి నడుపుతాడు. యాసంగి వరి కోతలయ్యాయంటే మా రోడ్డు సగం బండ్లది, సగం వడ్లది. వడ్ల కుప్పలు, వాటి అంచున వరుసగా రాళ్లు, గంటకోసారి కాళ్లతో వడ్లు అటూ ఇటూ నెరుపుతూ ఆడవాళ్లు. తేమ ఉంటే కొనుగోలు కేంద్రంలో ముట్టుకోరు, ఆరబోద్దామంటే ఊళ్లో కల్లాలు లేవు. రోడ్డు మీద పోయడం తప్పని అందరికీ తెలుసు. వేరే చోటేదో చూపించినవాడు మాత్రం ఇంతవరకు లేడు.

ఆ రోజు మధ్యాహ్నం మేకల దొంగలు పడ్డారు. రోడ్డు పక్కన మేస్తున్న మేకల్ని కారులో వేసుకుపోవడం మా వైపు ఇప్పుడు పెద్ద బెడద. మనిషి అటు తిరిగేసరికి కాళ్లు, మూతి కట్టేసి వెనక సీట్లో కుక్కుతారు. ఆ రోజు పోయినవి మా పుట్టింటి పక్కన ఉండే అవ్వ మేకలు. వడ్లు నెరపడానికి ఆమె ఇటు వచ్చింది, అటు మేకలు మాయమయ్యాయి. ఆమె లబోదిబోమంటుంటే ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. పోలీసు బండి కారు వెంట పడింది. దొంగలకు దారులు తెలియక ఊళ్ల చుట్టూ తిరిగి, మళ్లీ మా ఊరి వైపే వస్తున్నారని కబురు.

ఆ కబురుతో ఒక కానిస్టేబుల్ మోటార్ సైకిల్ మీద ముందే వచ్చాడు. ఒకప్పుడు నా తరగతిలో కూర్చుని చదువుకున్నవాడే. తమ్ముడు ట్రాక్టర్ మీద కూర్చుని ఉన్నాడు, వెనక ట్రాలీలోకి వడ్ల బస్తాలు ఎక్కిస్తున్నారు.

"అన్నా, ట్రాక్టర్ జర రోడ్డుకు అడ్డం పెట్టు. జల్ది! కారొస్తున్నది."

"గుద్దితే ఎట్లనే?"

"గుద్దడే, అడ్డముంటె ఆగడా? నువ్వు మాత్రం దిగకు. మనిషి కనపడితె బ్రేక్ కొడ్తడు."

ఈ మాటలు తర్వాత తమ్ముడే నాకు చెప్పాడు. నువ్వు దిగకు అట! జీతమిచ్చి, బూట్లిచ్చి, టోపీ పెట్టి ప్రభుత్వం పంపినవాడు రోడ్డు పక్కన నిలబడతాడు, వడ్లమ్ముకునేవాడు కారుకు ఎదురుగా కూర్చోవాలి. మావాడు కూర్చున్నాడు. అవ్వ మేకలు కదా అనుకున్నాడు. పోలీసాయన చెప్పాడు కదా అనుకున్నాడు.

కారువాడు బ్రేక్ కొట్టాడు, నిజమే. కానీ ట్రాక్టర్ని తప్పించబోయి వడ్ల వైపు తిప్పాడు. ఎండిన వడ్ల మీద బ్రేక్ వేస్తే బండి ఏమవుతుందో మా ఊళ్లో చిన్న పిల్లలకూ తెలుసు. జారిన కారు అడ్డంగా వచ్చి, సరిగ్గా తమ్ముడి ఎడమకాలు ఉన్నచోట గుద్దింది. దొంగలు తలుపులు తీసుకుని మక్కచేలలో పడి పరుగెత్తారు. వాళ్లకు ఒక్క గీరు కూడా పడలేదు. మైకులో చెప్పిన మాటల్లో అదొక్కటి నిజమైంది.

కబురంది నేను బడి నుంచి స్కూటీ మీద వెళ్లేసరికి ఆడవాళ్లు మేకల కట్లు విప్పుతున్నారు. తమ్ముణ్ని ఆటోలో పడుకోబెడుతున్నారు, మడమ పక్కకు తిరిగిపోయి ఉంది. ఆ పక్కనే పోలీసు బండి, వెనక తలుపు తెరిచి ఉంది. లోపల అదే ఆకుపచ్చ కవరు, ముడి కూడా విప్పలేదు.

"గిది ఎందుకు ఎయ్యలేదు?" అని అరిచాను. డ్రైవరు గబుక్కున తలుపు మూయబోయాడు.

"ముంగట పరవాలె గద మేడం. మేమేమో ఎనుక ఉంటిమి."

అంటే దొంగ కంటే ముందు పరవాల్సినదాన్ని దొంగ వెనక మోసుకుంటూ తిరుగుతున్నారు! ముందు వచ్చిన మోటార్ సైకిలువాడికి ఇవ్వొచ్చు కదా అంటే, పెద్దసారు తనిఖీకి వచ్చినప్పుడు సూదులన్నీ లెక్క చూపాలట, వాటి బాధ్యత తీసుకునేవాడు లేడట. సూదులకు లెక్క ఉంది. మా తమ్ముడి కాలుకు లేదు.

మహబూబాబాద్ దవాఖానలో కాలుకు రాడ్ వేశారు. మా మరదలిది చెల్పూర్. పవర్ ప్లాంటు మోతలో, బూడిద లారీల మధ్య పెరిగిన పిల్ల, దేనికీ బెదరదు. అలాంటిది ఆ వరండాలో నా కొంగు పట్టుకుని, "వదినా, మళ్ల నడుస్తడా?" అని అడుగుతూనే ఉంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ పైన కేసు వచ్చింది. దొంగల మీద కాదు, మా వాడి మీద. రోడ్డుకు అడ్డంగా నిర్లక్ష్యంగా ట్రాక్టర్ నిలిపి ప్రమాదానికి కారణమయ్యాడట. ట్రాక్టర్ని కూడా తీసుకుపోయి స్టేషన్ ఆవరణలో పెట్టుకున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్టేషన్‌కు వెళ్లాను. మా బడిలో మైకు పట్టుకున్న ఎస్సైయే కుర్చీలో ఉన్నాడు.

"ట్రాక్టర్ అడ్డం పెట్టమని మావాళ్లు చెప్పినట్టు సాక్ష్యం ఉందా మేడం?" అని అడిగాడు.

కానిస్టేబుల్ని పిలిపించాడు. వాడు తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకుని నిలబడి, "నేను పక్కకు తియ్యమన్న సార్. ఆయననే ఇనలే," అన్నాడు. నా కళ్లలోకి మాత్రం చూడలేదు. వాడికి అక్షరాలు దిద్దించిన నా చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

సాక్ష్యానికేం తక్కువ, రోడ్డు పొడుగునా మనుషులే కదా అని ఊళ్లోకి వెళ్లాను. ఒక్కరూ నోరు విప్పలేదు. నాకంటే ముందే ఆ కానిస్టేబుల్ ఇల్లిల్లూ తిరిగి, "ఆనాడు రోడ్డు మీద వడ్లు పోసిందెవరో చెప్పుండ్రి, వాళ్ల మీద గూడ కేసులయితయి," అని చెప్పి పోయాడు. అంతే. నేను లేనంటే నేను లేనన్నారు. ఒకామె పుట్టింటికి పోయిందట, ఒకామెకు జ్వరమట. ఆ రోజు వడ్లు వాటంతట అవే ఇళ్లలోంచి నడిచొచ్చి రోడ్డు మీద పడుకుని ఆరబోసుకున్నాయి కాబోలు!

అందరికంటే అవ్వ మీద నాకు మండింది. మేకలు ఆమెవి. ట్రాక్టర్‌కు రెండడుగుల దూరంలో నిలబడి అంతా విన్న మనిషి.

"అవ్వా, నీ మేకల కోసమే కదా వాడి కాలు ఇరిగింది? నువ్వన్న చెప్పవా?"

ఆమె మేకపిల్లకు ఆకు పెడుతూ తల ఎత్తలేదు. "ముసల్దాన్ని బిడ్డా. నా వడ్లు పట్కపోతె ఏం తినాలె?" అంది. నేను నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేశాను. ఊరంటేనే అసహ్యం వేసింది.

తమ్ముడు మంచం దిగకముందే బడిలో మళ్లీ పోలీసు కార్యక్రమం పెట్టారు. ఈసారి జిల్లా నుంచి పెద్దసారు వచ్చాడు, మా పుట్టింటి ఊరివాళ్లను కూడా పిలిపించారు. బల్ల మీద అదే ముళ్లచాప, తళతళలాడుతూ. మేకల దొంగల్ని తమ సిబ్బంది ఎంత చాకచక్యంగా ఆపారో ఎస్సై మైకులో చెబుతున్నాడు. కాలు మాట లేదు, కేసు మాట అసలే లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మావాడి కాలుతో వీళ్లు పేరు కొట్టేస్తున్నారు. మైకు పెట్టె చూసుకునే పని బడిలో నాదే కాబట్టి పళ్లు కొరుక్కుంటూ దాని పక్కనే నిలబడ్డాను.

తర్వాత మేకలు దొరికినందుకు రెండు మాటలు చెప్పమని అవ్వను పైకి పిలిచారు. ఎవరో మైకు చేతికిచ్చి, నోటి దగ్గర ఎలా పెట్టుకోవాలో చూపించారు.

"నా మేకలు దొరికినయి, మంచిదే," అంది అవ్వ. "గా చాప మాత్రం నేను గియ్యాలనే చూస్తున్న. ఆనాడు ఎవ్వలు ఎయ్యలే. గా పోలీసు పిలగాడు వచ్చి ట్రాక్టర్ అడ్డం పెట్టమన్నడు. దిగకు అన్నడు. నేను ఆడనే ఉన్న, నా చెవులతోని ఇన్న."

ఎస్సై నా వైపు చూసి మైకు ఆపమని చేత్తో సైగ చేశాడు. నేను ఆయన మొహంలోకి చూస్తూ, రెండు చేతులూ వెనక కట్టుకున్నాను.

"నా వడ్లు రోడ్డు మీదనే ఉండె. కేసు రాసుకుంటె రాసుకోండ్రి. పిలగాని మీద మాత్రం తీసెయ్యుండ్రి."

గోడ పక్కన నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె, "నా వడ్లు గూడ ఉండె," అంది. ఆనాడు జ్వరమన్న మనిషే. ఆమె వెనక ఇంకొకామె అంది. పెద్దసారు కుర్చీలోంచి ముందుకు వంగి, ఏంటిదని ఎస్సైని అడిగాడు. మైకు తెరిచే ఉంది కాబట్టి ఆ ప్రశ్న మైదానమంతా వినపడింది.

కేసు తీసేశారు. కానిస్టేబుల్ని ఎక్కడికో బదిలీ చేశారు. వడ్ల విషయంలో ఎవరి మీదా కేసు కాలేదు. ట్రాక్టర్ ఇంటికొచ్చిన రోజు అవ్వ వాకిట్లోకి వచ్చి నిలబడింది. తిట్టిన నోటితోనే కూర్చో అవ్వా అని పీట వేశాను.

తమ్ముడు కట్టె సాయంతో ట్రాక్టర్ ఎక్కాడు. ఎడమకాలు క్లచ్ మీద పెట్టి తొక్కాడు. దిగలేదు. రెండు చేతులతో మోకాలిని అదిమాడు. మొహమంతా చెమట పట్టింది కానీ క్లచ్ సగం కూడా దిగలేదు. మరదలు ఇటు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వాడు మెల్లగా దిగి నా పక్కన కూర్చున్నాడు. "కేసు పోయింది గద అక్కా. ఇగ కోపం ఇడిచిపెట్టు," అన్నాడు.

"నువ్వు ఆ క్లచ్ తొక్కిననాడు ఇడుస్త," అన్నాను.