కోత పండుగ పాటకు పోయిన గరాటు

మా అక్క కూతురు సుధ పరిశోధన విద్యార్థిని. విశ్వం పుట్టిన కొత్తలో బయల్దేరి ఇంకా అన్ని దిక్కుల నుంచీ వస్తూనే ఉన్న పాత వెలుగు ఏ వైపుకి ఊగుతోందో నేల మీద నుంచి కొలవడం వాళ్ళ బృందం పని. ఎక్కడో ఎండు కొండల మీద పెట్టబోయే టెలిస్కోపుతో సుధ కూడా వెళ్ళాలంటే, ముందు ఆ వెలుగును పట్టడానికి తను చేసిన రిసీవరు నమ్మదగినదని తేలాలి. ఎటు తిప్పినా ఆకాశం ఒకే లెక్క చూపించాలి. తేడా వస్తే అబద్ధం పరికరానిది. విశాఖలో సముద్రపు చెమ్మ ఆ పరీక్షను సాగనివ్వలేదు. వారంలో జట్టు పేర్లు ఖాయమైపోతాయి. "జనవరిలో అనంతగిరి మీద గాలి పొడిగా ఉంటుంది, తోడు రా పిన్నీ" అంది. కొండ కాఫీ అంటే నాకు ప్రాణం. సైన్సు కోసమే వెళ్ళానని మీతో బొంకను.

ఆదివారం ఐదున్నరకి విశాఖలో అరకు బస్సెక్కి, ఎస్.కోట మీదుగా ఘాటీ దాటి, ఎనిమిదిన్నరకి అనంతగిరిలో దిగాం. టికెట్టు నూట యాభై లోపే. అక్కడి నుంచి మేం వెళ్ళాల్సిన ఊరికి ఆటో రెండు వందలు. రిసీవరు చిన్న డబ్బా. నేల వేడి అందులోకి దూరకుండా చుట్టూ అడ్డుపెట్టే అల్యూమినియం గరాటు మాత్రం భారీది. డ్రైవరు దాన్ని ఎగాదిగా చూసి, "ఇదేటమ్మా, పెళ్ళి వంటకా?" అన్నాడు.

ఊళ్ళో చదునైన ఖాళీ చోటు చర్చి ముంగిలి ఒక్కటే. పాస్టరుగారు ముందే ఒప్పుకున్నారు. మంచు ఇంకా విడలేదని, డబ్బాను మాకు వంట చేసిపెట్టే ఎస్తేరమ్మ ఇంట్లో దించి, ఆ గుమ్మంలో పట్టని గరాటును చర్చి అరుగు మీద పెట్టాం. ఎస్తేరమ్మ చోడి అంబలి, అదే రాగి జావ, పెట్టి, తన తోట కాఫీ కాచి ఇచ్చింది. నేను మూడు గ్లాసులు తాగాను.

పదకొండుకి మంచు విడింది. వెళ్ళి చూస్తే గరాటు లేదు. సుధ ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. దాన్ని అరుగు మీద పెట్టామని అప్పుడే తెలిసిన ఎస్తేరమ్మ తల పట్టుకుంది.

"ఈయాల కోత పండగమ్మా. అరుగు మీద ఎట్టిందల్లా కానుకే. పాటలో పాడేసుంటారు."

కోత పండుగ నాడు ఇంటింటివాళ్ళూ తొలి పంట తెచ్చి ఆ అరుగు మీద పెడతారట. ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయలకీ మిరియాల మూటలకీ మధ్య మా గరాటు కూడా పాటకెళ్ళిపోయింది. పాస్టరుగారు సిగ్గుపడిపోతూ, దాన్ని పాడుకున్న కాఫీ రైతు యోహాను ఇంటికి మమ్మల్ని తీసుకెళ్ళారు.

యోహాను అప్పటికే దాన్ని కోడిపిల్లల మీద బోర్లించేశాడు. అది లేనిదే పరీక్ష జరగదనీ, పరీక్ష జరగకపోతే తన ప్రయాణం ఆగిపోతుందనీ సుధ చెప్పుకుంది. పాడుకున్న డబ్బు ఇచ్చేస్తామన్నాను నేను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"దేవుడి పాటలో పాడుకున్నది ఎనక్కిత్తే తప్పమ్మా."

సుధకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన కంగారుపడ్డాడు.

"ఏడవకే గుంటా. ఎనక్కివ్వనన్నాను గానీ అరువివ్వనన్నానా? పొద్దుగూకేలోగా తెచ్చిచ్చీండి, కోడిపిల్లల్ని కప్పాల. బేగి పదండి, నేనే మోసుకొత్తాను."

ఊరు ఊరంతా చర్చి ముంగిట్లో మూగింది. మన వంటి వేడి కూడా పరికరానికి తెలుస్తుందని సుధ అందర్నీ దూరం జరిపింది. రిసీవరును నిలువుగా పెట్టింది, అడ్డంగా తిప్పింది, ఏటవాలుగా వంచింది. లాప్‌టాప్‌లో గీత తొణకలేదు.

"గీత తిన్నగానే ఉంది. అంటే మంచిదేనా?" అని ఎస్తేరమ్మ అడిగింది.

సుధ ఆమెను వాటేసుకుంది. పక్కనే ఉన్న నన్ను వదిలేసినందుకు కాస్త ఉడుక్కున్నాను గానీ, ఆ పూట నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నిన్న జట్టు పేర్లు వచ్చాయి. సుధ పేరుంది. ఆ వెలుగు సంగతి నాకు ఇప్పటికీ సగమే అర్థమైంది. ఇవ్వనని పట్టుబట్టిన మనిషే గరాటును నెత్తిన పెట్టుకుని మా ముందు నడవడం మాత్రం పూర్తిగా అర్థమైంది. పాతది ఆ సాయంత్రమే కోడిపిల్లలకు చేరిపోయింది గనుక సుధ ఇంకో గరాటు చేయించుకుంటోంది. జనవరి ఆదివారాల్లో అటు వెళ్ళేవాళ్ళు కోత పండుగ ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఉంటే చర్చి అరుగు మీద సామాను దించకండి, ఒక గుమ్మడికాయ పట్టుకెళ్ళి పెట్టండి.