పురుగుకి అక్క పేరు

ల్యాబులో అందరూ ఆవిణ్ణి భూతద్దం మేడం అంటారు. మొహం మీదే అంటారు. కోప్పడే ఓపిక ఆవిడకి ఎప్పుడో పోయింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఒకటే పని: చచ్చిన పగడపు రాళ్ళ అడుగున పెంకులా అతుక్కుని బతికే బ్రయోజోవాల్ని గుర్తుపట్టడం. ఆవగింజలో పావు వంతు కూడా ఉండని సున్నపు గది, గదికో ప్రాణి, అలాంటివి వందలు కలిస్తే ఒక కాలనీ. వాటిని చూసీ చూసీ మెడ పట్టేసింది, కళ్ళజోడు మందమైంది, ఒక్క కొత్త జాతి మాత్రం దొరకలేదు.

తీరా రిటైరయ్యే ఏడాది దొరికింది. గది పైకప్పు మందం, రంధ్రాలు లేవు, నోటి చుట్టూ ముళ్ళు లేవు. పుస్తకాలన్నీ తిరగేసినా అలాంటిది కనపడలేదు. తల్లి పోయాక తనని పెంచిన అక్క పేరు దానికి పెట్టి, వ్యాసం రాసి సైన్సు పత్రికకి పంపింది. వాళ్ళు ఒప్పుకున్నారు కూడా. అక్క మాత్రం, "పోయి పోయి పురుగుకా నా పేరు? ఇంకేం దొరకలేదా నీకు?" అని మూతి ముడిచింది.

ఇంకో ఫొటో కావాలని పత్రికవాళ్ళు అడిగారు. అదే పగడపు దిబ్బ నుంచి వచ్చిన మరో రాయి తీసి, దానిమీది పెంకుని బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, మెత్తటి కండంతా పోయాక మైక్రోస్కోపు కింద పెట్టింది. మధ్యలో ఉన్నది తన కొత్త జాతే. అంచుకి జరిపి చూస్తే అప్పుడే పుట్టిన లేత గదులు: పల్చటి కప్పు, వరసగా రంధ్రాలు, నోటి దగ్గర ముళ్ళు. విద్యార్థులకి కూడా తెలిసిన మామూలు జాతి. మధ్యవి వయసు మీదపడి, సున్నం పేరుకుని, రంధ్రాలు మూసుకుపోయినవి. మొదటి ముక్కకి అంచు విరిగిపోయి ఉండటంతో ముసలితనాన్ని చూసి కొత్త జాతి అనుకుంది. ఏడుపు కూడా రాలేదు, నీరసం వచ్చింది. కుర్చీలోంచి లేవడానికే చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అది కొత్తది కాదక్కా. పాతదే, ముసలిదయింది."

గిన్నె తుడుస్తున్న అక్క చెయ్యి ఆగింది. "నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదు. దాని మొహం మళ్ళీ చూసేదెవరు?"

అక్క ఆ ఒక్క గిన్నెనే తుడిచిందే తుడిచింది. "అయితే వద్దని రాసెయ్. అబద్ధానికి నా పేరెందుకు?"

ఆవిడ అక్కడే నిలబడి ఫోన్లో పత్రికవాళ్ళకి రెండు ముక్కలు రాసి పంపేసింది. "పంపేశానక్కా."

"మంచిపని చేశావ్," అంది అక్క. "వీధిలో ఒక్క గడప వదలకుండా చెప్పుకున్నానే."